బళేపేటలో శరావతి పంచాయితీ

బళేపేట మెయిన్ రోడ్డు మీద గాజుల అంగళ్ళు, పెళ్ళి చీరల అంగళ్ళు, మృదంగాలు వరసగా పేర్చిన వాయిద్యాల అంగళ్ళు దాటుకుని ఒక సందులోకి తిరిగితే గ్రంథిగె అంగడి వస్తుంది. పూజ సామాను, నాటుమందుల వేర్లు, మసాలా దినుసులు అన్నీ అక్కడే. యజమాని తాతలు హిందూపురం వైపు నుంచి వచ్చి కుదురుకున్నవాళ్ళు. ఇంట్లో తెలుగు, గల్లాపెట్టె దగ్గర కన్నడం. గృహప్రవేశం హోమానికి పురోహితుడు రాసిచ్చిన చీటీ పట్టుకుని నేను వెళ్ళాను. చీటీ చూస్తే మూరెడుంది, పొట్లాలు కట్టే కుర్రవాడు చూస్తే ఒక్కడే. ఆ ఆలస్యంలో విన్న వాదమే ఇది.

వాదం మామకూ మేనకోడలికీ. ఆమె కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. క్రిస్మస్ సెలవుల్లో ఇంటిల్లిపాదినీ హొన్నావరం తీసుకుపోతానని ఆమె పట్టు. అంగడి వదిలి రాలేనన్నది ఆయన పైకి చెప్పే సాకు. అసలు సంగతి వేరే ఉందని రెండో మాటకే తెలిసిపోయింది.

మామ: సముద్రం చూడాలంటే మద్రాసు లేదా అమ్మణ్ణీ? రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి మెరీనా. దానికోసం ఘాట్ రోడ్డులో వాంతులు చేసుకుంటా పోవాల్నా?

కోడలు: మెరీనాలో సముద్రముంది, వెనకాల అడవి లేదు. హొన్నావరం శరావతి సముద్రంలో కలిసే చోట ఉంది మామా. అక్కడ ఏటి మీద కొంకణ్ రైలు వంతెన రెండు కిలోమీటర్ల పైమాటే, ఆ లైను మొత్తంలో అదే పొడుగైనది. పొద్దున ఏటి మూతి దగ్గర పడవలు చూసి, ఎండెక్కేలోపల గేరుసొప్ప ఘాట్ ఎక్కేయొచ్చు. పైన అంతా ఏడాది పొడుగునా పచ్చగుండే అడవి. హార్న్‌బిల్ పిట్టలు, రాచనాగులు, అన్నిటికంటే ముఖ్యం సింగళీకాలు. కర్ణాటక, కేరళ, తమిళనాడు పడమటి కనుమల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేని కోతులవి. నల్లటి ఒళ్ళు, మొహం చుట్టూ బూడిద రంగు జూలు, తోక చివర సింహానికున్నట్లు కుచ్చు.

మామ: ఉండనీలేమ్మా. చెట్టు మీద అవి చల్లగా ఉండాయి, అంగట్లో నేను చల్లగా ఉండాను. మధ్యలో ఈ రాయబారమెందుకు?

కోడలు: పిల్లలు చూడొద్దా? మన చిన్నోడికి కోతి అంటే లాల్‌బాగ్‌లో వేరుసెనక్కాయలు లాక్కునేదే.

మామ: పిల్లల మాట నువ్వే ఎత్తినావు కాబట్టి అడుగుతా. 2024 డిసెంబరులో మురుడేశ్వరంలో ఏమైందో మరిచిపోయినావా? హొన్నావరానికి పక్కూరే కదా అది. ములబాగిలు తాలూకా హాస్టలు బడి నుంచి టూరుకు పోయిన ఆడపిల్లలు, నలుగురు సముద్రంలో పోయిరి. ములబాగిలంటే మనవాళ్ళే, ఇంట్లో మనలాగే తెలుగు మాట్లాడేవాళ్ళు. ఎండిపోయిన చెరువులు తప్ప నీళ్ళెరగని పిల్లలు.

ఈ మాటకు ఆమె వెంటనే జవాబివ్వలేదు. కుర్రవాడు నవధాన్యాల పొట్లం కట్టి, దారం పళ్ళతో తెంపి, ఇంకోటి మొదలుపెట్టాడు.

కోడలు: మరిచిపోలేదు మామా. మా కాలేజీ టూర్లకు ఆ తర్వాతనే రూల్సు మార్చినారు. కానీ దాన్నుంచి సముద్రానికే పోవద్దని నేర్చుకుంటే ఎట్లా? మన మైదానం పిల్లలకు అల ముందుకు తోసేది కనపడుతుంది, వెనక్కి లాగేది కనపడదు. చెప్పేవాళ్ళుండాల, గార్డులున్న చోటే దిగాల. దిగినా చీలమండ దాకానే. నేనుండగా మోకాలి నీళ్ళల్లోకి కూడా పోనీను.

మామ: సరే, సముద్రం వదిలిపెడతా. అడవిలో మంగన కాయిలె? కోతుల జ్వరం. 1957లో సొరబ తాలూకా క్యాసనూరు అడవిలో కోతులు పటపటా రాలిపోతే బయటపడిన రోగమది. 2019లో సాగర తాలూకా అరళగోడులో ఎంతమంది పడిపోయినారో పేపర్లో చదివినాను. ఆ అరళగోడు నువ్వు పోయే అడవి పక్కనే.

కోడలు: పేపర్లు బాగానే చదువుతావు. అది పురుగు కరిస్తే వచ్చేది, ఆకుల చెత్తలో ఉండే చిన్న ఉణ్ణి పురుగు. ఎండాకాలం దగ్గరపడే కొద్దీ ఎక్కువ. రోడ్డు దిగి లోపలికి నడవకపోతే, ఒంటినిండా బట్ట ఉంటే, ఆరోగ్యశాఖ వాళ్ళిచ్చే నూనె పూసుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు. ఆ ఊళ్ళల్లో జనం రోజూ చెత్త ఏరి కొట్టంలో పరుస్తారు, వాళ్ళతో పోలిస్తే మనకు భయమే లేదు. అయినా నువ్వు రోగాలన్నీ లెక్కబెట్టేది రాకుండా ఉండేదానికి. అసలు సంగతి చెప్పు.

ఇక్కడ ఆయన కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. నాకు తోచింది చెబుతున్నాను: భయం ఆయన వాదం కాదు. భయాన్ని ముందు నిలబెట్టి దాని వెనక ఇంకేదో దాచుకున్నారు.

మామ: అసలు సంగతా? మనం పోయిన చోటల్లా పాడవుతుంది. అంతే. మా నాయనతో గోకర్ణం పోయినాను నేను, పిల్లోణ్ణప్పుడు, తాత అస్థికలు పట్టుకుని. కోటితీర్థంలో మునక, మహాబలేశ్వరుని దర్శనం, పురోహితుని ఇంట్లో అరిటాకులో అన్నం, తిరుగు బస్సు. ఓం బీచికి పొయ్యేవాళ్ళంటే చేపలోళ్ళు, ఆవుల్ని తోలుకుపొయ్యే పిల్లోళ్ళు. ఇప్పుడో? గోవాలో ఇరుకైపోయిన వాళ్ళంతా ఇక్కడికి దిగినారు. శుక్రవారం సాయంత్రం ఆనందరావు సర్కిల్ దగ్గర నిలబడి చూడు, బస్సుల మీద బస్సులు. బెంగళూరు మొత్తం వీపుకు సంచి కట్టుకుని గోకర్ణం పోతుంది. పోయి చేసేదేముంది? తాగేది, సీసా ఇసకలో గుచ్చేది, ఫోటో తీసుకునేది.

కోడలు: ఆ బస్సుల్లో నేనూ పోయినాను మామా. సీసా గుచ్చలేదు.

మామ: నువ్వు గుచ్చవు. నీకోసం కట్టిన రూముకు బాయి తవ్వుతారు, నీ వెనకాల ఇంకొకడొస్తాడు. వచ్చేదానికి రోడ్డు వెడల్పు చేస్తారు. 2024 జూలైలో అంకోలా దగ్గర శిరూరులో గుట్ట ఎట్లా కూలింది? హైవే కోసం కొండను నిట్టనిలువుగా కోసినారు. వానకు కొండ దిగొచ్చి టీ అంగడినీ అందులోని సంసారాన్నీ ఏట్లోకి తోసేసింది.

కోడలు: ఆ హైవే టూరిస్టుల కోసం వేసింది కాదు. కొచ్చి నుంచి ముంబయి దాకా లారీలు పొయ్యే దారి అది. అడ్డంగా పడిన ప్రతి రాయినీ టూరిస్టు నెత్తిన వెయ్యొద్దు.

(ఈ పాయింటు కోడలిదే. శిరూరులో మట్టి కింద చిక్కిన లారీ కేరళ డ్రైవరుది, అతని కోసం వెతుకులాట రెండు నెలలు దాటి సాగింది. విహారయాత్రకు దానితో సంబంధం లేదు.)

మామ: సరే, లారీలకే వదిలేద్దాం. మరి కాసరకోడులో ఏమంటావు? ఏరు దాటితే హొన్నావరానికి ఎదురుగా ఉండేదే కదా.

కోడలు: కాసరకోడు గురించే చెబుదామనుకున్నా. అక్కడి బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ అనే జెండా వచ్చింది. ఆ ఏడు దేశం మొత్తంలో ఎనిమిది బీచిలకే ఇచ్చినారు, మన విశాఖ రుషికొండ కూడా అందులో ఉంది. నీళ్ళు పరీక్ష చెయ్యాల, గార్డులుండాల, కక్కసులు శుభ్రంగా ఉండాల, చెత్త ఉండకూడదు. జనం వస్తే పాడే కావాలని లేదు, కట్టుబాటు ఉంటే బాగుపడుతుంది కూడా.

మామ: రుషికొండ జెండా 2025లో దించేసినారని నేను చదివినానే!

కోడలు: దించినారు, శుభ్రం చేసిన తర్వాత మళ్ళీ ఎగరేసినారు. జెండా అంటే అదే కదా మామా, దించడానికి వీలుండాల.

మామ: మాటకారివి. మరి జెండాకు అవతల పక్క? టోంకా దిక్కు పోయినావా?

ఆమె పోయింది. ఆమె చెప్పిన తీరులో అధ్యాపకురాలు మాయమై, చూసిన మనిషి బయటికొచ్చింది. ఏటికీ సముద్రానికీ నడుమ నాలుకలా సాగిన ఇసక దిబ్బ అది. ఇసక మీద వలలు పరిచి, వాటి మీద చిన్న చేపలు వెండి రేకుల్లా ఆరబోసి ఉంటాయట. చీర కుచ్చెళ్ళు దోపుకున్న ఆడవాళ్ళు వంగి, అరచేత్తో చేపల్ని ఒక్క ఊపులో బోర్లిస్తారట. కాకులను తోలడానికి ముసలివాళ్ళు, ఎండకు గొడుగు కింద పసిపిల్లలు. ఒక పక్క ఎండినవి గంపలకెత్తుతుంటే ఇంకో పక్క పచ్చివి పరుస్తుంటారు. ఆ వాసన బట్టల్లోంచి పోవడానికి రెండు ఉతుకులు పట్టిందని కూడా చెప్పింది. అక్కడే ఇసకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. అక్కడే ప్రైవేటు రేవు కట్టడానికి ఇసక మీద రోడ్డు వేయబోతే, చేపలవాళ్ళు అడ్డం పడుకున్నంత పని చేశారు.

మామ: చూసినావా మరి! ఒక పక్క జెండా, టూరిస్టుకు వెదురు గొడుగు. ఇంకో పక్క అదే ఇసక మీద పుట్టి పెరిగినోళ్ళకు పోలీసులు. జెండా చూసేదానికి వచ్చినవాళ్ళల్లో ఎంతమంది ఆ పక్కకు తొంగి చూసినారు?

కోడలు: నేను చూసినాను. చూసినాను కాబట్టే నువ్వడిగిన దానికి చెప్పగలిగినాను. ఇక్కడ కూర్చుని పేపరు చదివితే చేపల వాసన రాదు మామా.

మామ: నీకు తెలిసి వాళ్ళకేం ఒరిగింది?

దీనికి ఆమె దగ్గర సమాధానం లేదు. లేదని ఒప్పుకోకుండా కోస్తారికాకు ఎగిరిపోయింది. చదువుకున్నవాళ్ళ అలవాటు, దగ్గర్లో ఇరుక్కుంటే దూరదేశం పోతారు. కానీ ఆ దేశం సంగతి వినదగ్గదే.

కోడలు: కోస్తారికా అని ఒక చిన్న దేశముంది. అక్కడ పసిఫిక్ ఒడ్డున కేపోస్ అనే ఊరు. మొదట అరటిపళ్ళ రేవు, అరటితోటలు తెగులొచ్చి పోయినాక పామాయిల్ తోటలు. ఊరి పక్కనే మాన్యుయెల్ ఆంటోనియో అని బీచీ అడవీ కలిసిన చోటు. భూమి కొన్నవాళ్ళు బీచికి దారి మూసి గేటు పెడితే ఊరివాళ్ళు ఎదురు తిరిగినారు. 1972లో సర్కారు దాన్ని నేషనల్ పార్కు చేసింది. చిన్నదే ఆ నేల. అయినా ఆ దేశంలో జనం విరగబడి చూసే పార్కుల్లో అదొకటి. అక్కడ కూడా ఒక చిన్న కోతి ఉంది, కోస్తారికా, పనామాల పసిఫిక్ ఒడ్డున తప్ప ఇంకెక్కడా ఉండదు. కరెంటు తీగల మీద నడిచి చచ్చిపోతుంటే, రోడ్డుకు ఆ చెట్టు నుంచి ఈ చెట్టుకు తాళ్ళ వంతెనలు కట్టినారు.

మామ: జనం విరగబడితే అడవి మిగిలిందా?

కోడలు: మిగిలింది. రోజుకు ఇంతమందే అని టిక్కెట్లు కడతారు. మంగళవారం మూసేస్తారు. తినే వస్తువు లోపలికి తీసుకుపోనీరు, గేటు దగ్గరే సంచులు వెతుకుతారు. ఆ దేశంలో ఒకప్పుడు పశువుల మేతకని అడవులన్నీ నరికేసినారు. ఇప్పుడు మళ్ళీ సగం దేశం పైన అడవే. పెట్రోలు మీద పన్ను వేసి, చెట్లను నిలబెట్టుకున్న రైతుకు డబ్బులిచ్చే చట్టం 1996లోనే తెచ్చినారు. అడవి చూసేదానికి జనం వస్తారు అన్నది తెలిసినాక, నరకాలంటే సర్కారుకు కూడా చెయ్యి ఆడదు.

మామ: అదీ! తినే వస్తువు లోపలికి పోనీరు అన్నావే, అక్కడే ఉంది మొత్తం. మన గేరుసొప్ప ఘాట్‌లో గేటుందా? సంచి వెతుకుతారా? నీ సింగళీకం నేల మీద కాలు పెట్టేదానికే ఇష్టపడని జంతువు అని నువ్వే ఒకసారి చెప్పినావు. అది రోడ్డు మీదికొచ్చి చిప్స్ అడుక్కుంటోందా లేదా?

కోడలు: అడుక్కుంటోంది.

ఆమె గొంతు తగ్గింది. ఘాట్ మలుపులో కార్లు ఆగి ఉన్నాయట. ఒకావిడ కారు అద్దం దించి చిప్స్ పొట్లం చాపింది. సింగళీకం, పొట్ట కింద పిల్లను అంటించుకున్న తల్లి, చెట్టు దిగి తారు మీద కూర్చుని, పొట్లం కవరును ఒక పద్ధతిగా అంచు వెంబడి చింపి, లోపలి ఉప్పు నాకింది. ఎదురుగా వస్తున్న లారీ హారను కొడితే తల కూడా తిప్పలేదు. తమిళనాడులో వాల్పారై దగ్గర టీతోటల మధ్య అడవి ముక్కలైపోయి, ఇవే కోతులు ఇళ్ళ పెరళ్ళలోకీ చెత్తకుండీల దగ్గరికీ దిగడానికి అలవాటుపడ్డాయి, బండ్ల కింద పడి చచ్చిపోతున్నాయి. ఇక్కడా అదే మొదలైందని ఆమె భయం.

మామ: ఇంక నన్నేం రమ్మంటావు? చూసేదానికి పోయినవాళ్ళే దాన్ని బిచ్చగత్తెను చేసినారు. చూడనివాళ్ళే దాన్ని కాపాడినారు.

కోడలు: చూడనివాళ్ళెవరు కాపాడినారు?

మామ: సైలెంట్ వ్యాలీ! నాకు బాగా గుర్తు. కేరళలో కుంతిపుళ ఏటికి డ్యాం కడతామన్నారు. అడ్డుకున్నదెవరు? బడిపంతుళ్ళు, కవులు, శాస్త్ర సాహిత్య పరిషత్తు వాళ్ళు. అప్పట్లో ఆ అడవిలోకి సరైన దారి కూడా లేదు. కేరళలో కోటిమందిలో ఒక్కడన్నా ఆ సింగళీకాన్ని చూసుంటాడా? చూడని కోతి కోసం పద్యాలు రాసినారు, ఊరేగింపులు తీసినారు. 1984లో నేషనల్ పార్కు అయ్యింది. కోతిని చూసేదానికి బస్సు వేసింటే ఈపాటికి అది కూడా చిప్స్ తినేది.

నిజం చెప్పొద్దూ, ఈ దెబ్బకు నేను మామ పక్షం చేరిపోయాను. ప్రేమించాలంటే చూసే తీరాలన్నది ఈ కాలం మూఢనమ్మకం.

కోడలు: ఎవరో ఒకరు పోయి చూసి చెప్పినారు కాబట్టే కదా మామా వాళ్ళకు తెలిసింది? 1970లలో పరిశోధకులు ఆ అడవుల్లో తిరిగి ఈ కోతి గురించి లెక్కలు రాయకపోతే పంతుళ్ళకు వాదం ఎక్కడిది?

మామ: పరిశోధకుడు పోతాడు, పోనీ. నువ్వు పో. జంతువుల చదువు చదివినావు. మనిళ్ళల్లో వాళ్ళందరూ ఎందుకు? అప్పికో సంగతి తీసుకో. 1983లో శిరసి తాలూకా సల్కణి ఊరోళ్ళు కాంట్రాక్టరు గొడ్డళ్ళకు అడ్డంగా చెట్లను వాటేసుకున్నారు. వాళ్ళేమన్నా టూరిస్టులా? ఆ అడవి ఆకు తమ వక్కతోటకు ఎరువు కాబట్టి వాటేసుకున్నారు. ఉండేవాళ్ళు కాపాడతారు, లేదా చూడకుండా మొక్కేవాళ్ళు కాపాడతారు. నడిమధ్య వచ్చిపోయేవాడే అన్నిటికీ చేటు.

కోడలు లేచింది. ఇంతసేపూ స్టూలు మీద కూర్చుని మాట్లాడిన మనిషి గల్లాపెట్టె వెనకాలికి వెళ్ళి, పైన మూడో అరలోంచి రెండు డబ్బాలు దించింది. మూతలు తీసి రెంటిలోంచి చెరో పిడికెడు కాగితం మీద పోసింది. ఒకటి జాపత్రి. వెడల్పు రేకలు, లేత గోధుమ రంగు, విరిస్తే వేళ్ళకు నూనె అంటుకుని ఘుమ్మంటుంది. రెండోది సన్నగా పొడుగ్గా, ముదురు ఎర్రటి పీచులాగ ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఉందా లేదా అన్నంత వాసన.

కోడలు: ఇదేంది మామా?

మామ: రాంపత్రె. నీకు తెలీదా? బిరియాని మసాలావాళ్ళు రంగుకు కొంటారు. జాపత్రి ధర అందనివాళ్ళు దీన్నే కలుపుకుంటారు.

కోడలు: ఎక్కడిది?

మామ: శిరసి నుంచి వస్తుంది.

కోడలు: శిరసి మండీ నుంచి వస్తుంది. మండీకి సిద్దాపుర, హొన్నావరం అడవుల నుంచి వస్తుంది. ఆ చెట్టు అడవి జాజి, ఆ వంశం చెట్లు నిండిన బురద అడవులు అక్కడ ఉన్నాయి. కత్తలెకాను అని ఒకటి, ఘాట్ రోడ్డు పక్కనే. నేల ఏడాదంతా నీళ్ళల్లో నానుతుంటుంది. కొన్ని చెట్ల వేర్లు మోకాళ్ళు మడిచినట్లు బురదలోంచి పైకి లేస్తాయి, ఇంకొన్ని మొదలు నుంచే కట్టెకాళ్ళ మీద నిలబడినట్లుంటాయి. అట్లాంటి అడవి పడమటి కనుమల్లో అక్కడక్కడ చిన్న తునకలుగా మిగిలింది. ఆ చెట్టు కాయ పండి పగిలితే లోపల విత్తనం చుట్టూ ఉండే ఎర్ర పొరే నీ రాంపత్రె. పగిలేదాకా ఆగితే హార్న్‌బిల్ ఎత్తుకుపోతుంది, సింగళీకం తింటుంది. అందుకని ఏరేవాళ్ళు ఆగరు. పచ్చికాయే కోస్తారు, అందకపోతే కొమ్మే నరుకుతారు. విత్తనం నేల మీద పడేదెప్పుడు?

మామ ఏమీ అనలేదు.

కోడలు: ఉప్పగె కూడా అడగనా? అదిగో ఆ నల్ల తొక్కలు. చేపల పులుసుకు అక్కడివాళ్ళు వాడుకునేవాళ్ళు. 1990లలో దాన్లోని ఆమ్లం ఒళ్ళు తగ్గిస్తుందని అమెరికాలో గోలీలు చేసి అమ్మేదానికి మొదలుపెట్టినారు. ఉప్పగె ధర లేచింది, అడవిలో చెట్ల మీద పడినారు. చూడని అడవి అన్నావే. అమెరికాలో ఆ గోలీ మింగినవాడు శిరసి పేరు కూడా విని ఉండడు. చూడనివాడు కాపాడతాడా మామా? చూడనివాడు తింటాడు. నువ్వు హొన్నావరం అడవికి పోవని అంటున్నావు గానీ, నువ్వు ఏడాదికి ఎన్ని మూటలు పోతున్నావో నీ బిల్లు పుస్తకంలో ఉంది.

మామ: నేను దొంగతనం చేసినట్లు మాట్లాడతావే. వేలంలో కొన్నవాడు మండీకి అమ్ముతాడు, మండీ నుంచి బిల్లుతో నాకొస్తుంది. అదమ్ముకునే అక్కడివాళ్ళు బతుకుతున్నారు. ఇది నిన్నా మొన్నటిదా? గేరుసొప్ప చెన్నభైరాదేవి 1552 నుంచి యాభై ఏళ్ళ పైన రాజ్యం ఏలింది, మిరియాల రాణి అని పోర్చుగీసువాళ్ళే పేరు పెట్టినారు. విజయనగరం రాయల గుర్రాలు దిగింది ఆ పక్క భట్కళ రేవులోనే. అడవి సరుకు పైకొచ్చేది, సముద్రం సరుకు లోపలికొచ్చేది. మా గ్రంథిగె వ్యాపారమంటే అదే. దుకాణమంటే ఊరికే ఫోటో తీసుకుపోయేది కాదు.

కోడలు: నేనూ అదే అంటున్నా. నీకూ ఆ అడవికీ ఎప్పటినుంచో లావాదేవీ ఉంది. ఈ లైటు చూడు. 1905లో మన మార్కెట్టులో వెలిగిన దీపాలు శివనసముద్రం కరెంటువి. తర్వాత జోగ్, 1964లో లింగనమక్కి డ్యాం. శరావతి కడుపు నింపి ఊళ్ళు ముంచితే బెంగళూరు వెలిగింది. మునిగిన ఊళ్ళవాళ్ళు ఇప్పటికీ భూమి పట్టాల కోసం తిరుగుతున్నారు. అది చాలక 2019లో తాగే నీళ్ళు కూడా లింగనమక్కి నుంచి తెస్తామన్నారు, శివమొగ్గ జిల్లా బందు పెట్టింది. ఇప్పుడు కొత్తది. గేరుసొప్ప జలాశయం నీళ్ళు మిగులు కరెంటుతో పైన తళకళలెకు తోడి, మనం సాయంత్రం స్విచ్ వేసినప్పుడు కిందికి వదిలి 2,000 మెగావాట్లు తీస్తారట. రెండు జలాశయాల నడుమ ఉన్నది 2019లోనే సింగళీకాల కోసమని పెంచిన అభయారణ్యం. సొరంగాలూ రోడ్లూ దాన్లోంచే. ఆ మాట ఎవరితో చెప్పినా బెంగళూరులో ఆవలిస్తారు. ఆ ఘాట్ ఒకసారి ఎక్కి దిగినవాడు ఆవలించడు.

మామ: ఆవలించడు సరే. రెండు నిమిషాలు అయ్యో అంటాడు, తర్వాత ఏసీ వేసుకుంటాడు.

ఇద్దరూ ఒకేసారి పైన తిరుగుతున్న ఫ్యాను చూసి నవ్వేశారు. నేనూ నవ్వాను. నా హోమం సామానులో జాపత్రి ఉందేమోనని చీటీ చూసుకున్నాను, ఉంది. అసలు జాపత్రో, రాంపత్రెయో పురోహితుడు రాయలేదు.

మామ: ఇప్పుడు నన్నేం చేయమంటావు? రాంపత్రె అమ్మేది మానేస్తే పక్కంగడివాడు అమ్ముతాడు.

కోడలు: మానమనలేదు. పండిన కాయదే కొంటానని మండీవాడికి చెప్పు. పచ్చికాయ పత్రె, పండిన పత్రె నీ చేతికి తేడా తెలీదా?

మామ: తెలుస్తుంది. పచ్చిది ఎండినాక ముడుచుకుంటుంది, రంగు దిగదు. కానీ మండీవాడు రెండూ కలిపేస్తాడు.

కోడలు: అందుకే అక్కడికి పోయి, ఏరేవాళ్ళనే చూసి మాట్లాడమంటున్నా.

మామ: నువ్వు పోతున్నావు కదా. ఏరేవాడికి కిలోకు ఎంత ముడుతోందో అడిగి రా. మండీ ధర నాకు తెలుసు, వాడికి దక్కేదే తెలీదు.

కోడలు: నేనడిగితే టూరిస్టు టీచరమ్మ అనుకుని ఏదో ఒకటి చెబుతారు. నువ్వొచ్చి అడుగు. కొనేవాడివి.

మామ: పిచ్చిదానా, కొనేవాడు అడిగితే అసలే చెప్పరు.